విత్తనపు వడ్లు: వీర్య మూలకణాలపై హార్మోన్ల అదుపు ఎంతవరకు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ఒక అధ్యయనం ఫలితాలను ప్రకటించింది. 7 దేశాలకు చెందిన 271 మంది ఆరోగ్యవంతులైన పురుషులకు వారానికొకసారి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఎనాంథేట్ ఇంజెక్షన్ ఇచ్చి, వారి వీర్యకణాల సంఖ్య ఎలా మారుతుందో నెలల తరబడి గమనించారు. మగతనానికి మారుపేరుగా లోకం భావించే హార్మోన్ కనుక, దాన్ని బయటి నుంచి అదనంగా ఎక్కిస్తే వీర్యకణాలు పెరుగుతాయని చాలామంది అనుకుంటారు. జరిగింది అందుకు పూర్తిగా విరుద్ధం. వారిలో 157 మందికి వీర్యంలో కణమన్నదే కనిపించకుండా పోయింది. అందుకు సగటున 4 నెలలు పట్టింది. ఇంజెక్షన్లు ఆపేసిన తరువాత కణాలు మళ్లీ వచ్చాయి.

ఈ ఫలితంలో రెండు ప్రశ్నలున్నాయి. మగ హార్మోన్ ఎక్కిస్తే వీర్యకణాల తయారీ ఎందుకు ఆగింది? అంతగా ఆగిపోయిన తయారీ మళ్లీ ఎలా మొదలైంది? మొదటి ప్రశ్నకు జవాబు వైద్య విద్యార్థులందరికీ తెలిసినదే. రెండోదానికి జవాబు దొరకాలంటే వృషణంలోని మూలకణాల దాకా, అంటే వీర్యకణాలన్నింటికీ మొదలైన కణాల దాకా వెళ్లాలి. అక్కడికి వెళ్లాక తెలిసే విషయం ఏమిటంటే, మనిషిలోనూ కోతిలోనూ ఈ మూలకణాల మీద హార్మోన్లకు ఉన్న అదుపు మనం ఊహించుకున్నంత పూర్తి అదుపు కాదు. అది ఒక గుమ్మం దగ్గర మొదలవుతుంది. ఆ గుమ్మానికి ఇవతల ఉన్న కణాలు చాలావరకు దానికి లొంగకుండానే ఉంటాయి.

ముందుగా హార్మోన్ల వరుసను చూద్దాం. మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే చిన్న హార్మోన్ విడతలు విడతలుగా విడుదలవుతుంది. అది పీయూష గ్రంథిని తాకి రెండు హార్మోన్లను బయటికి పంపిస్తుంది. ఒకటి ఎల్‌హెచ్, రెండోది ఎఫ్‌ఎస్‌హెచ్. ఎల్‌హెచ్ వృషణంలోని లేడిగ్ కణాలను చేరి టెస్టోస్టిరాన్‌ను తయారు చేయిస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ వీర్యనాళికల లోపలి గోడలో ఉండే సెర్టోలి కణాలను చేరుతుంది. రక్తంలో టెస్టోస్టిరాన్ పెరిగితే ఆ సంగతి మెదడుకు తెలిసి జీఎన్‌ఆర్‌హెచ్ తగ్గుతుంది, దానితో ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ పడిపోతాయి. సెర్టోలి కణాలు విడుదల చేసే ఇన్హిబిన్-బి కూడా ఎఫ్‌ఎస్‌హెచ్‌ను విడిగా అదుపులో పెడుతుంది.

విడతలు విడతలుగా అన్న మాటను తేలికగా తీసుకోకూడదు. 1970ల చివర ఎర్నెస్ట్ నోబిల్ బృందం రీసస్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, గంటకొకసారి చొప్పున జీఎన్‌ఆర్‌హెచ్ ఇస్తే పీయూష గ్రంథి చక్కగా పనిచేసింది. అదే హార్మోన్‌ను ఆగకుండా ధారగా ఎక్కిస్తే గ్రంథి మూగబోయింది. ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల్లో టెస్టోస్టిరాన్‌ను అణచడానికి ఈనాడు వాడే కొన్ని మందులు ఈ సూత్రం మీదే పనిచేస్తున్నాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు సులభం. వృషణం లోపల టెస్టోస్టిరాన్ సాంద్రత రక్తంలో ఉన్నదానికి దాదాపు 100 రెట్లు ఉంటుంది. వీర్యకణాల తయారీకి కావలసింది ఆ లోపలి సాంద్రత. ఇంజెక్షన్ రక్తంలోని స్థాయిని పెంచుతుంది, మెదడు దాన్ని చూసి ఎల్‌హెచ్‌ను ఆపేస్తుంది, లేడిగ్ కణాలకు పని ఉండదు, లోపలి టెస్టోస్టిరాన్ పాతాళానికి పడిపోతుంది. వ్యాయామశాలల్లో కండల కోసం ఈ ఇంజెక్షన్లు వేసుకునే యువకులకు ఈ ఒక్క వాక్యం ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదని నాకు పదేపదే అనిపిస్తుంది. పిల్లలు కలగడం లేదని వచ్చిన మగవాడికి బలం కోసమని టెస్టోస్టిరాన్ ఇవ్వడం అతను కోరుకున్న ఫలితాన్ని అతనికి మరింత దూరం చేస్తుంది.

ఇక మూలకణాల సంగతి. వీర్యనాళిక గోడ అడుగు పొరను ఆనుకుని ఉండే ఆదిమ కణాలను ఏ రకం, బీ రకం అని విభజిస్తారు. ఏ రకం కణాలు తమలో కొన్నింటిని తమలాగే ఉంచుకుంటూ, మరికొన్నింటిని ముందుకు పంపుతాయి. బీ రకం కణాలు ఇక వెనక్కి రావు. అవి వీర్యకణాలుగా మారే దారిలోకి దిగిపోయినవే. 1959 నుంచి 1960ల నడుమ శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఈవ్ క్లెర్మాంట్ మొదట కోతుల్లోనూ, తరువాత మనుషుల్లోనూ ఏ రకంలోనే రెండు రూపాలను గుర్తించాడు. రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే కొన్నింటి కేంద్రకం ముదురుగా, కొన్నింటిది లేతగా కనిపించింది. వాటిని ఇక్కడ ముదురు ఏ, లేత ఏ అని పిలుచుకుందాం. లేత ఏ కణాలు క్రమం తప్పకుండా విభజన చెందుతూ రోజువారీ తయారీని నడుపుతాయి. ముదురు ఏ కణాలు ఆరోగ్యవంతమైన వృషణంలో దాదాపు విభజన చెందవు. రైతు తిండిగింజలను వాడుకుంటూ, విత్తనపు వడ్లను మాత్రం విడిగా గాదెలో దాచి ఉంచడం మనకు తెలుసు. క్లెర్మాంట్ ప్రతిపాదన సారం కూడా అదే: ముదురు ఏ కణాలు ఆపద వచ్చినప్పుడు తీసే నిల్వ.

ఎలుకల్లో ఈ ఏర్పాటు లేదు. అక్కడ మూలకణాలు చాలా అరుదు. వాటి నుంచి పుట్టిన కణం మాత్రం ఎన్నో విడతలు విభజన చెంది సంఖ్యను పెంచుకుంటుంది. కోతులు, మనుషులు చేరిన ప్రైమేట్ల వర్గంలో ఏ రకం కణాల నిల్వ పెద్దది, తరువాతి విభజనల విడతలు తక్కువ. రీసస్ కోతిలో బీ రకానికి 4 తరాలుంటే, మనిషిలో ఒకే ఒక తరం ఉంటుంది. ఎలుక కొద్ది పెట్టుబడితో ఎక్కువ వడ్డీ రాబట్టే పద్ధతిలో నడుస్తుంటే, మనిషి పెద్ద మూలధనం పెట్టుకుని తక్కువ వడ్డీతో నడుస్తున్నాడు. మనిషిలో మూలకణం నుంచి పూర్తి వీర్యకణం తయారు కావడానికి 64 రోజులు పడుతుందని క్లెర్మాంట్, కార్ల్ హెల్లర్ 1960లలో లెక్కగట్టారు. ఎలుకల మీద దొరికిన జ్ఞానాన్ని మనిషికి అన్వయించేటప్పుడు ఈ తేడాలను మరిచిపోతే ఎంత తప్పు జరుగుతుందో ముందు ముందు చూస్తాం.

ఈ మూలకణాలు హార్మోన్ల మాట నేరుగా వినవు. ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అందుకునే గ్రాహకాలు సెర్టోలి కణాల మీద ఉన్నాయి. ఎల్‌హెచ్ గ్రాహకాలు లేడిగ్ కణాల మీద ఉన్నాయి. టెస్టోస్టిరాన్ గ్రాహకాలు సెర్టోలి కణాల్లో, నాళికను చుట్టి ఉండే కండర స్వభావం గల కణాల్లో, లేడిగ్ కణాల్లో ఉన్నాయి. వీర్యకణాన్ని పుట్టించే కణంలో మాత్రం ఇవేవీ పనిచేయవు. అందువల్ల పీయూష గ్రంథి పంపిన వార్త ఏదైనా ముందు ఇరుగుపొరుగు కణాలకు చేరి, అవి దాన్ని తమ భాషలోకి మార్చి చెప్పినప్పుడే మూలకణానికి అందుతుంది.

ఆ భాషలో రెండు మాటలు మనకు బాగా తెలుసు. మొదటిది జీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్. సెర్టోలి కణాలు దీన్ని విడుదల చేస్తాయి. 2000లో ప్రచురితమైన ఎలుకల ప్రయోగాల్లో, ఈ ప్రొటీన్ మోతాదు సగానికి తగ్గినప్పుడు మూలకణాలు క్రమంగా ఖర్చైపోయాయి. మోతాదును మితిమీరి పెంచినప్పుడు మూలకణాలు ముందుకు సాగకుండా గుంపులు గుంపులుగా పేరుకుపోయాయి. అంటే ఇది నిల్వ ఉండు అని చెప్పే మాట. ప్రయోగశాల పాత్రలో పెంచిన ఎలుక సెర్టోలి కణాలకు ఎఫ్‌ఎస్‌హెచ్ ఇస్తే జీడీఎన్‌ఎఫ్ తయారీ పెరుగుతుంది.

రెండో మాట రెటినాయిక్ ఆమ్లం. మనం తినే విటమిన్-ఏ నుంచి శరీరం దీన్ని తయారు చేసుకుంటుంది. ఇది ముందుకు సాగు అని చెప్పే మాట. దీని పాత్ర బోధపడకముందే ఒక చేదు ప్రయోగం ద్వారా దీని ప్రభావం మనిషిలో కనిపించింది. 1960ల ఆరంభంలో హెల్లర్ బృందం అమెరికాలోని ఖైదీలకు విన్ 18,446 అనే మందు ఇచ్చి చూస్తే వీర్యకణాల తయారీ ఆగిపోయింది, మందు మానేశాక తిరిగి మొదలైంది. అయితే ఆ మందు వేసుకున్నవారు మద్యం తాగితే తీవ్రమైన అస్వస్థత కలిగేది కనుక దాన్ని పక్కన పెట్టేశారు. వృషణంలో రెటినాయిక్ ఆమ్లం తయారీనే ఆ మందు అడ్డుకుంటుందన్న వివరణ దొరకడానికి దాదాపు 50 ఏళ్లు పట్టింది. బందీలుగా ఉన్నవారి మీద అలాంటి ప్రయోగాన్ని ఈ రోజు ఏ నైతిక సంఘమూ అనుమతించదు, అనుమతించకూడదు కూడా.

హార్మోన్లు ఆగినప్పుడు ఈ వరుసలో సరిగ్గా ఎక్కడ గండి పడుతుంది? ఎలుక జాతిలో ప్రధానమైన దెబ్బ చివరి దశల మీద, అంటే విభజన పూర్తయి వీర్యకణంగా రూపు దిద్దుకుంటున్న కణాల మీద పడుతుంది. కోతుల్లోనూ మనుషుల్లోనూ టెస్టోస్టిరాన్ ఎక్కించి, లేదా జీఎన్‌ఆర్‌హెచ్‌ను అడ్డుకుని, వృషణ కణజాలాన్ని లెక్కపెట్టి చూసినప్పుడు ప్రధానమైన గండి చాలా ముందే కనిపించింది. ముదురు ఏ కణాలు దాదాపు చెక్కుచెదరలేదు. బీ రకం కణాలు మాత్రం బాగా పడిపోయాయి. లేత ఏ నుంచి బీ రకంగా మారే ఆ ఒక్క మెట్టు దగ్గరే హార్మోన్ల గుమ్మం ఉంది. హార్మోన్ లేకపోతే గుమ్మం మూసుకుంటుంది, అప్పటికే దాటిపోయిన కణాలు తమ ప్రయాణం పూర్తి చేసుకుని వెళ్లిపోతాయి, వెనకనుంచి కొత్తవి రావు. 64 రోజుల ప్రయాణం కనుక, నాళికలు ఖాళీ కావడానికి నెలలు పడుతుంది. ఇంజెక్షన్లు ఆపి హార్మోన్లు తిరిగి రాగానే గుమ్మం తెరుచుకుంటుంది. ఇవతల నిల్వ అలాగే ఉంది కనుక పని మళ్లీ మొదలవుతుంది. రెండో ప్రశ్నకు జవాబు ఇదే.

ఈ గుమ్మాన్ని ప్రకృతే కొన్నేళ్లపాటు మూసి ఉంచే కాలం ఒకటుంది. అది బాల్యం. మగబిడ్డ పుట్టిన మొదటి నెలల్లో ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టిరాన్ మూడూ ఒక్కసారిగా పెరిగి, దాదాపు 6 నెలలు నిండేసరికి తగ్గిపోతాయి. దీన్ని చిన్న యౌవనం అంటారు. అంత టెస్టోస్టిరాన్ ఉన్నా పసివాడి వృషణంలో వీర్యకణాల తయారీ మొదలవదు, ఎందుకంటే ఆ వయసులో సెర్టోలి కణాల్లో టెస్టోస్టిరాన్ గ్రాహకాలు దాదాపు ఉండవు. వార్త వచ్చింది గానీ అందుకునేవారు లేరన్నమాట. అలాగని ఆ నెలలు వృథా కావు. సెర్టోలి కణాలు సంఖ్యలో బాగా పెరిగే కాలాల్లో అదొకటి. పెద్దయ్యాక ఎన్ని వీర్యకణాలు తయారు కాగలవన్నది చాలావరకు ఆ సంఖ్య మీదే ఆధారపడుతుంది. పిండదశ నుంచి వచ్చిన ఆదిమ కణాలు ముదురు ఏ రూపంలోకి మారి నిల్వగా స్థిరపడేది కూడా ఆ తొలి ఏడాదిలోనే.

వృషణం సంచిలోకి దిగకుండా పొత్తికడుపులోనో గజ్జలోనో ఉండిపోయిన పిల్లల్లో ఈ మార్పు సరిగ్గా జరగదు. గాదెలోకి చేరవలసిన విత్తనమే చేరదు. అందువల్లనే 6 నెలల వయసు దాటాక కూడా దిగని వృషణాన్ని 18 నెలలలోపే శస్త్రచికిత్సతో కిందికి దించాలని పిల్లల శస్త్రవైద్యులు చెబుతారు. పెద్దయితే అదే సర్దుకుంటుందిలే అని ఇంట్లోని పెద్దలు ఆగమంటే, ఆ ఆగిన ప్రతి ఏడాదీ బిడ్డ నిల్వలోంచి పోతుందని తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాలి.

చిన్న యౌవనం తరువాత వచ్చే సుదీర్ఘ విరామంలో జీఎన్‌ఆర్‌హెచ్ విడతలు దాదాపు ఆగిపోతాయి. రీసస్ కోతిలో ఇది దాదాపు మూడో ఏడు వరకు, మనిషిలో పదేళ్ల వరకు సాగుతుంది. ఆ కాలంలో కోతి పిల్ల నాళికల్లో చూస్తే సెర్టోలి కణాలు, ముదురు ఏ, లేత ఏ కణాలు ఉంటాయి. బీ రకం ఒక్కటీ ఉండదు. గుమ్మం ఎక్కడ ఉందో చూపించడానికి ఇంతకన్నా స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో టోనీ ప్లాంట్ బృందం దశాబ్దాలపాటు ఈ పిల్ల కోతులనే అధ్యయనం చేసింది. వాటికి పెద్ద కోతుల్లో ఉండే లయలో ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కిస్తే, యౌవనం రావడానికి ఎంతో ముందే లేత ఏ కణాలు బీ రకంగా మారడం మొదలైంది. కణాలు ఏనాడో సిద్ధంగా ఉన్నాయి, రావలసింది కబురు మాత్రమే. ఆ కబురును మెదడులో మొదట పంపేది కిస్పెప్టిన్ అనే అణువు అని 2003 తరువాతి పరిశోధనలు తేల్చాయి.

రెండు హార్మోన్లలో ఏది ముఖ్యమన్న ప్రశ్న వచ్చినప్పుడు దారి బాగా చిక్కుపడుతుంది. ఈ చర్చలో దక్షిణ భారతదేశానికి ఒక గౌరవమైన స్థానం ఉంది. నెత్తిమీద టోపీ పెట్టినట్టు వెంట్రుకలుండే బానెట్ కోతి మనకు తిరుమల కొండల్లో నిత్యం కనిపించేదే. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎన్.ఆర్. మౌద్గల్ బృందం ఈ కోతులకు గొర్రె ఎఫ్‌ఎస్‌హెచ్‌ను టీకాగా ఇచ్చింది. కోతి శరీరం తయారు చేసిన ప్రతిరక్షకాలు దాని సొంత ఎఫ్‌ఎస్‌హెచ్‌ను కూడా పట్టేశాయి. టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉన్నా వీర్యకణాల సంఖ్య, నాణ్యత రెండూ పడిపోయి ఆ మగకోతులకు సంతానం కలగలేదు. ఆ తరువాత 1997లో, అదే టీకాను మనుషుల్లో ఐదుగురు స్వచ్ఛందులకు ఇచ్చి చూసినప్పుడు వీర్యకణాలు తగ్గాయే గానీ పూర్తిగా ఆగలేదు.

అదే 1997లో ఫిన్లాండ్ నుంచి మరో వార్త వచ్చింది. ఎఫ్‌ఎస్‌హెచ్ గ్రాహకం పుట్టుకతోనే పనిచేయని ఐదుగురు పురుషుల్లో వీర్యకణాలు తగ్గాయి గానీ వారిలో ఇద్దరికి పిల్లలు కూడా ఉన్నారు. దీన్ని బట్టి ఎఫ్‌ఎస్‌హెచ్ అత్యవసరం కాదనిపించింది. మరుసటి ఏడాదే ఎఫ్‌ఎస్‌హెచ్ అణువే లోపించిన కొందరు పురుషుల్లో వీర్యకణాలు అసలు లేవని తేలి, తక్కెడ మళ్లీ ఇటు మొగ్గింది. 1996లో వెలుగులోకి వచ్చిన ఇంకో ఉదంతం మరింత ఆలోచింపజేస్తుంది. కణితి కారణంగా పీయూష గ్రంథిని తొలగించిన ఒక వ్యక్తికి టెస్టోస్టిరాన్ మాత్రమే ఇస్తున్నా వీర్యకణాలు తయారవుతూనే ఉన్నాయి. పరీక్షించి చూస్తే అతని ఎఫ్‌ఎస్‌హెచ్ గ్రాహకంలో ఒక మార్పు ఉండి, హార్మోన్ లేకుండానే అది ఎప్పుడూ తెరిచిన స్థితిలో ఉంది.

ఈ సాక్ష్యాలన్నింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు సమంజసంగా తోచే నిర్ణయం ఇది. టెస్టోస్టిరాన్ గుమ్మాన్ని కొంత తెరవగలదు. ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా కొంత తెరవగలదు. రెండూ ఉన్నప్పుడే అది బార్లా తెరుచుకుంటుంది. పెద్ద కోతులకు అదనంగా ఎఫ్‌ఎస్‌హెచ్ ఇచ్చిన ప్రయోగాల్లో లేత ఏ, బీ కణాల సంఖ్య మామూలు కన్నా పెరగడం చూస్తే, టెస్టోస్టిరాన్ పని ఎక్కువగా తరువాతి దశలను నిలబెట్టడంలో ఉందనీ, మూలకణాల సంఖ్యను పెంచే వైపు ఎఫ్‌ఎస్‌హెచ్ చేయి ఎక్కువనీ అనుకోవచ్చు. పీయూష గ్రంథి లోపం ఉన్న పురుషులకు సంతానం కోసం ఎల్‌హెచ్ స్థానంలో పనిచేసే హెచ్‌సీజీతోపాటు ఎఫ్‌ఎస్‌హెచ్‌ను కూడా ఇచ్చే చికిత్స ఈ అవగాహనకు తగినట్టే ఉంది.

ముదురు ఏ కణాలు నిజంగా నిల్వేనా అన్న వాదం ఇంకా ముగియలేదు. రీసస్ కోతి వృషణాలకు ఎక్స్‌రే తగిలించిన 1980ల నాటి నెదర్లాండ్స్ ప్రయోగాల్లో, లేత ఏ కణాలు చాలావరకు నశించిన తరువాత ముదురు ఏ కణాలు లేత రూపంలోకి మారి విభజన మొదలుపెట్టాయి. క్లెర్మాంట్ మాటకు ఇది బలమైన ఆధారం. అయితే మూలకణ లక్షణాలుగా భావించే జీఎఫ్‌ఆర్ఏ1, పీఎల్‌జెడ్ఎఫ్ వంటి ప్రొటీన్ గుర్తులు రెండు రకాల్లోనూ కనిపిస్తున్నాయి. ఒక్కో కణంలోని జన్యువుల పనితీరును విడివిడిగా చదివే ఇటీవలి పద్ధతులు మనిషి ఏ కణాలను రెండు పెట్టెల్లో కాకుండా, ఒకదానిలోంచి ఒకటిగా జారే పలు స్థితులుగా చూపుతున్నాయి. కేంద్రకం రంగును బట్టి గీసిన గీత, కణం స్వభావంలోని గీతతో సరిగ్గా కలవకపోవచ్చు. నిల్వ ఉందన్న మాటలో మాత్రం మార్పు లేదు.

ఎలుకను నమ్ముకుని మోసపోయిన కథ ఇక్కడ చెప్పాలి. క్యాన్సర్ చికిత్సలో వాడే కిరణాలు, మందులు వృషణ మూలకణాలను చంపుతాయి. కిరణాలు తగిలిన ఎలుకల్లో జీఎన్‌ఆర్‌హెచ్‌ను అణచి హార్మోన్లను తగ్గిస్తే మిగిలిన మూలకణాలు కోలుకుని వీర్యకణాల తయారీ తిరిగి వచ్చింది. మనుషులకూ అదే చేయవచ్చన్న ఆశ చాలామంది పరిశోధకుల్లో కలిగింది. అదే పద్ధతిని మొండితోక కోతుల్లో పరీక్షించి 2005లో ప్రచురించినప్పుడు ఏ రక్షణా కనిపించలేదు. మూలకణాలను హార్మోన్లు శాసించే తీరే వేరైనప్పుడు హార్మోన్లను అణచడం వల్ల వచ్చే ఫలితం కూడా వేరుగానే ఉంటుంది కదా.

అందువల్ల కణాలను శరీరంలోనే కాపాడే ప్రయత్నం నుంచి, వాటిని ముందే బయటికి తీసి భద్రపరిచే ప్రయత్నం వైపు దృష్టి మళ్లింది. పెద్దవారు చికిత్సకు ముందు వీర్యాన్ని గడ్డకట్టించి దాచుకోవచ్చు. యౌవనం రాని పిల్లవాడికి దాచుకోవడానికి వీర్యకణాలే లేవు. ఉన్నది మూలకణాలు మాత్రమే. 2012లో కైల్ ఆర్విగ్ బృందం రీసస్ కోతుల మూలకణాలను తీసి భద్రపరిచి, వృషణాలను మందులతో ఖాళీ చేసిన తరువాత తిరిగి నాళికల్లోకి ఎక్కిస్తే వాటి నుంచి వీర్యకణాలు తయారయ్యాయి. 2019లో ఆ బృందమే మరో అడుగు వేసింది. యౌవనం రాని కోతుల వృషణ కణజాలాన్ని గడ్డకట్టించి దాచి, ఆ కోతులకే యౌవన వయసులో చర్మం కింద నాటారు. మిగిలిన వృషణాన్ని తీసేసినందువల్ల వాటి రక్తంలో ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ సమృద్ధిగా ఉన్నాయి. ఆ హార్మోన్లు వీపు చర్మం కింద ఉన్న చిన్న ముక్కను కూడా వెతికి పట్టుకున్నాయి. అందులోని సెర్టోలి కణాలు, లేడిగ్ కణాలు మేలుకున్నాయి, గుమ్మం తెరుచుకుంది, కొన్ని నెలల్లో ఆ ముక్కల్లో వీర్యకణాలు తయారయ్యాయి. వాటితో ప్రయోగశాలలో అండాలను ఫలదీకరించి, ఆరిగన్ జాతీయ ప్రైమేట్ పరిశోధన కేంద్రంలోని ఒక ఆడకోతి గర్భంలో ఉంచగా 2018 ఏప్రిల్‌లో ఆరోగ్యంగా ఒక ఆడపిల్ల పుట్టింది. దానికి గ్రేడీ అని పేరు పెట్టారు.